ఆది క్రైస్తవమూ యూదా మతమూ: కొన్ని అపోహలు, వాస్తవాలు

సంఘ చరిత్ర బోధించే నాకు ఏటా కొత్త విద్యార్థుల నుంచి ఎదురయ్యే అపోహలలో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: యేసు శిష్యులు మొదటి రోజు నుంచే యూదా మతాన్ని విడిచిపెట్టారు.

వాస్తవం: క్రొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు గ్రంథం మూడవ అధ్యాయంలో పేతురు, యోహాను ప్రార్థన వేళకు దేవాలయానికే వెళుతున్నారు. క్రొత్త నిబంధన ఇంకా రాయబడని ఆ రోజుల్లో వారికి లేఖనాలంటే ధర్మశాస్త్రమూ, ప్రవక్తలూ, కీర్తనలే. సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో పెద్దలు కూడి తర్కించినది యూదుడు క్రీస్తును నమ్మవచ్చునా అని కాదు, అన్యజనులు (యూదులు కానివారు) సున్నతి లేకుండా సంఘంలో చేరవచ్చునా అని. నేటి పాఠకునికి ఈ ప్రశ్న తలకిందులుగా కనబడుతుంది.

అపోహ: సౌలు క్రైస్తవుడై పౌలుగా పేరు మార్చుకున్నాడు.

వాస్తవం: అవి ఒకే మనిషికి ఉన్న రెండు పేర్లు, ఒకటి హెబ్రీ పేరు, మరొకటి రోమా పేరు. దమస్కు దారిలో క్రీస్తు దర్శనం కలిగిన తరువాత కూడా అపొస్తలుల కార్యములు అతణ్ణి చాలాకాలం సౌలు అనే పిలుస్తుంది.

అపోహ: క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలడంతో రెండు మతాలూ విడిపోయాయి.

వాస్తవం: ఆ విధ్వంసం ఎడబాటును పెంచిన మాట నిజమే కానీ, తెగతెంపులు ఒక్కనాడు జరగలేదు. "దిదాఖే" అనే తొలినాటి బోధగ్రంథం సోమ, గురువారాల్లో కాక బుధ, శుక్రవారాల్లో ఉపవాసముండమని విశ్వాసులకు చెబుతుంది. పొరుగు యూదులకు సోమ, గురువారాల ఉపవాసం అలవాటుగా లేకపోతే అలా చెప్పవలసిన పని ఉండేది కాదు. శిష్యులకు "క్రైస్తవులు" అన్న పేరు మొదట వచ్చిన అంతియొకయలోనే, 386-87లో అక్కడి సంఘ బోధకుడు జాన్ క్రిసోస్టమ్ యూదుల పండుగలకు వెళ్తున్న తన సంఘస్థులను కటువుగా మందలించాడు. ఆ ప్రసంగాల్లో యూదుల పట్ల ఉన్న దూషణ నేటికీ చదవడానికి బాధాకరమే. అయినా యూదుల సమాజమందిరం గడప దాటి లోపలికి వెళ్లే క్రైస్తవులు అప్పటికీ ఉన్నారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం అరుదు.

అపోహ: నేటి ఆరాధన ఆది సంఘపు ఆరాధనే.

వాస్తవం: తొలి విశ్వాసులు ఇళ్లలో కూడుకునేవారు, కొరింథులో ప్రభురాత్రి భోజనం నిజమైన భోజనంతో కలిసే ఉండేది. డిసెంబరు 25న క్రీస్తు జన్మదినాన్ని జరుపుకున్నారనడానికి స్పష్టమైన ఆధారం నాలుగవ శతాబ్దపు రోము నుంచే లభిస్తుంది. ఈస్టరు కథ వేరు. ఆసియా మైనరు సంఘాలు దానిని యూదుల పస్కా రోజైన నీసాను నెల 14నే ఆచరించేవి. 325లో సంఘ నాయకులు కూడిన నీకయ సభ అందరూ ఒకే ఆదివారం జరుపుకోవాలని, యూదుల లెక్కపై ఆధారపడకూడదని నిర్ణయించింది. అయినా వసంత విషువత్తు (వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) తరువాతి పున్నమిని బట్టే తేదీ కట్టడం వల్ల, ఈస్టరు నేటికీ ఏటా మారుతూనే ఉంది.