ఇళ్ల మధ్య నిర్మాణపు చప్పుడు: అపోహలు – వాస్తవాలు

విశాఖలో ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో పాత ఇల్లు పడగొట్టి స్టిల్ట్ (స్తంభాల మధ్య పార్కింగ్) మీద నాలుగు అంతస్తులు లేపుతుంటే, కాంక్రీటునూ రాయినీ పగలగొట్టే బ్రేకర్ యంత్రానికీ పక్కింటి కిటికీకీ మధ్య చాలాచోట్ల పదిహేను మీటర్లు కూడా ఉండవు. మధురవాడ, ఎండాడ వైపు కొండవాలులో అయితే పునాది కంటే ముందు రాయి కొట్టాలి. పని అన్నాక చప్పుడు తప్పదు, నిజమే. కానీ ఎంత చప్పుడు, ఎన్ని గంటలు, ఏ కిటికీ దాకా అన్నది మాత్రం సైట్ మీద ఉన్నవాళ్ల చేతిలోనే ఉంటుంది. కాంట్రాక్టర్లూ, ఇరుగుపొరుగూ ఇద్దరూ నమ్మే కొన్ని మాటలు దానికి అడ్డొస్తున్నాయి.

అపోహ: హద్దు చుట్టూ పచ్చ వల, రేకులు కట్టేశాం కాబట్టి చప్పుడు ఆగిపోతుంది.

పచ్చ వల దుమ్మును కొంత ఆపుతుంది, చప్పుడును అసలు ఆపదు. గాలి దూరే ప్రతిచోటా శబ్దమూ దూరుతుంది. అర మిల్లీమీటరు రేకు చదరపు మీటరుకు నాలుగు కిలోలే తూగుతుంది. అడ్డుగోడ పనిచేయాలంటే చదరపు మీటరుకు కనీసం ఏడు నుంచి పది కిలోల బరువుండాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అందుకు సరిపోతుంది. రేకే వాడాలనుకుంటే యంత్రం వైపున 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే రాతి ఉన్ని) పెట్టి, పైన జీఐ మెష్ (జింకు పూత ఉన్న ఇనుప జాలీ) బిగించాలి. రాక్‌వూల్ లేకపోతే రేకు మీద కొట్టుకున్న శబ్దం తిరిగి ఎదుటి ఇంటికి పోతుంది. సముద్రపు గాలికి మామూలు ఇనుప మెష్ తొందరగా తుప్పు పడుతుంది. కింద నేలకూ గోడకూ మధ్య సందు వదిలితే పడ్డ శ్రమంతా వృథా, అక్కడ ఇసుక బస్తాలు పేర్చాలి.

బరువు కంటే పెద్ద సంగతి, గోడ ఎక్కడుందన్నది. బ్రేకర్ నేలకు మీటరు ఎత్తున కొడుతోంది, పక్క అపార్ట్‌మెంటు పదిహేను మీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. మూడు మీటర్ల గోడను బ్రేకర్‌కు ఎనిమిది మీటర్ల దూరంలో, హద్దు మీద కట్టారు. బ్రేకర్ నుంచి గోడ పైఅంచును తాకుతూ గీత గీస్తే, అది అవతలి భవనానికి 4.75 మీటర్ల ఎత్తున తగులుతుంది. అంటే మొదటి అంతస్తు కిటికీ అంచుమీద ఉంది, రెండో అంతస్తు నుంచి పైవాళ్లందరికీ బ్రేకర్ నేరుగా కనిపిస్తుంది. కనిపిస్తే వినిపిస్తుంది. అదే గోడను బ్రేకర్‌కు రెండు మీటర్ల దగ్గరకు జరిపితే ఆ గీత 16 మీటర్ల ఎత్తుకు పోతుంది. నాలుగో అంతస్తు దాకా అందరూ నీడలోకి వస్తారు. యంత్రం నుంచి కిటికీకి నేరుగా ఉన్న చూపు కాస్త తెగితే చప్పుడు సుమారు 5 డెసిబెల్‌లు, యంత్రం పూర్తిగా మరుగైతే 10 దాకా తగ్గుతుంది. అందుకే మా ఓటు ఎప్పుడూ చక్రాల మీద కదిలే పలకలకే. బ్రేకర్ జరిగినప్పుడల్లా అవీ జరగాలి. కొండవాలు పైనున్న ఇళ్లు సైట్‌లోకి తొంగిచూస్తుంటాయి కాబట్టి అక్కడ మూడు వైపులా పలకలు, పైన సగం కప్పు వేయక తప్పదు.

అపోహ: స్లాబ్ మధ్యలో ఆపకూడదు కాబట్టి రాత్రి పని చేసినా చట్టం ఒప్పుకుంటుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలకు 2010లో చేసిన సవరణ ప్రకారం నివాస ప్రాంతాల్లో, నిశ్శబ్ద మండలాల్లో (ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టుపక్కల) రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. కాంక్రీటును కుదించే వైబ్రేటర్, పంపు, కాంక్రీటు కలిపే మిల్లర్ అన్నీ ఇందులోకే వస్తాయి.

అసలు స్లాబ్ రాత్రికి జారేది కాంక్రీటు వల్ల కాదు, ముందురోజు లెక్క వేయకపోవడం వల్ల. నలభై ఘనమీటర్ల స్లాబ్ తీసుకోండి. ఒక బస్తా మిల్లర్ గంటకు మూడు ఘనమీటర్లు ఇస్తే గొప్ప, అంటే పదమూడు గంటలు. రాడ్ చెకింగ్ (ఇనుప కడ్డీల తనిఖీ) అయ్యేసరికి ఉదయం తొమ్మిదైతే, ఎక్కడా ఆగకపోయినా రాత్రి పది అవుతుంది. మిల్లర్ బెల్టు తెగితే అర్ధరాత్రే. రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు) అయితే ఆరు ఘనమీటర్ల లారీలు ఏడు. ఇరుకు సందులో లారీకి నలభై నిమిషాలు వేసుకున్నా ఐదు గంటల్లో పోత ముగుస్తుంది. చెకింగ్ ముందురోజు సాయంత్రమే పూర్తిచేయాలి, మొదటి లారీ ఎనిమిదింటికి రావాలి, అదనపు వైబ్రేటర్ నీడిల్ ఒకటి సైట్‌లో ఉండాలి. అయినా ఆలస్యమైతే ఎక్కడ ఆపాలో, అంటే పాత, కొత్త కాంక్రీటు కలిసే జాయింటు ఏ స్పాన్ (రెండు ఆధారాల మధ్య భాగం) మధ్యలో రావాలో, స్ట్రక్చరల్ ఇంజినీరు చేత ముందే డ్రాయింగ్ మీద గీయించాలి. ఆ గీత లేకపోతే రాత్రి పదింటికి మేస్త్రీ ఏం చేయగలడు?

సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టిన అచ్చు పలకలు) విప్పే పని గురించీ ఒక మాట. పలకలను పైనుంచి కిందకు విసిరే చప్పుడు సగటులో పెద్దగా కనపడదు గానీ పక్కింటి పసిపిల్లను నిద్రలోంచి లేపేది అదే. చేతి నుంచి చేతికి దించితే కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే.

అపోహ: ఫోన్‌లో 80 డెసిబెల్‌లు చూపించింది, అంటే నియమం దాటినట్టే.

నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55, రాత్రి 45 డెసిబెల్‌లు. ఇవి ఒక్క క్షణపు అంకెలు కావు, కొంతసేపటి శక్తి సగటు. బ్రేకర్ గంటసేపు 85 దగ్గర కొట్టి మిగతా ఏడు గంటలు ఊరుకుంటే, ఎనిమిది గంటల సగటు 76. పరిమితిని 10 డెసిబెల్‌లు, ఆపైన దాటితే, అంటే పగలు 65 చేరితే, ఫిర్యాదుకు ఆధారం ఉన్నట్టే. రాత్రి నిషేధాన్ని మీరితే మాత్రం అంకె కూడా అక్కర్లేదు.

ఫోన్ మైకు మాట్లాడటానికి చేసింది, పెద్ద శబ్దాలను అది కోసేస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి పనికొస్తుంది, సాక్ష్యానికి కాదు. సరైన కొలతకు క్లాస్ 1 లేదా క్లాస్ 2 (కచ్చితత్వపు తరగతులు) శబ్ద మీటరు కావాలి. కొలతకు ముందూ తర్వాతా 94 డెసిబెల్‌ల క్యాలిబ్రేటర్‌తో (తెలిసిన శబ్దం ఇచ్చే పరికరం) సరిచూడాలి. రెండింటికీ అర డెసిబెల్ మించి తేడా వస్తే ఆ కొలత పక్కన పడేయాలి. మైకు నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉండాలి. ఇంటి గోడకు మీటరు దూరంలో పెడితే గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం సుమారు 3 డెసిబెల్‌లు కలుస్తుందని రాసుకోవాలి.

విశాఖలో ఎక్కువగా జరిగే పొరపాటు గాలి. లాసన్స్ బే, రుషికొండ వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి మైకు మీద కొట్టుకుని సైట్‌లో పని లేకపోయినా అంకె పెంచేస్తుంది. నురుగు బంతి తొడగాలి, గాలి సెకనుకు 5 మీటర్లు దాటితే కొలవడం ఆపాలి. రెండో పొరపాటు, రోడ్డు చప్పుడును సైట్ ఖాతాలో వేయడం. మద్దిలపాలెం, హనుమంతవాక దగ్గర హైవే పక్క ఇళ్లకు పని లేనప్పుడే 62 ఉందనుకోండి. అందుకే కూలీలు భోజనానికి ఆగినప్పుడు పదిహేను నిమిషాలు విడిగా కొలవాలి. మొత్తం 68, నేపథ్యం 62 అయితే సైట్ వాటా 66.7. తేడా 3 కంటే తక్కువైతే ఆ చోట సైట్ మీద తీర్పు చెప్పకూడదు.

అపోహ: రెండు యంత్రాలు కలిసి నడిస్తే చప్పుడు రెట్టింపు.

డెసిబెల్‌లు మామూలు అంకెల్లా కూడవు: 80, 80 కలిస్తే 160 కాదు, 83. అదే పని సగం సమయంలో అయిపోతుంది. రోజంతా చిల్లర చిల్లరగా కొట్టే బదులు, పక్కవాళ్లకు ముందే చెప్పి, పది నుంచి ఒంటిగంట వరకు అన్ని పెద్ద చప్పుళ్లూ కలిపి ముగించడం మేలు.

అపోహ: కొండరాయికి బ్రేకర్ తప్ప దారి లేదు.

ఉంది. సుమారు 38 నుంచి 45 మిల్లీమీటర్ల రంధ్రాలు అర మీటరు లోపు ఎడంతో వేసి, వ్యాకోచించే పొడిని నీళ్లతో కలిపి పోస్తే, చప్పుడు లేకుండా మర్నాటికి రాయి పగులుతుంది. డ్రిల్లింగ్ చప్పుడు ఉంటుంది, కానీ బ్రేకర్ నడిచే గంటలు బాగా తగ్గుతాయి. ఎండాకాలంలో వేడి రాయిలో పొడి పైకి చిమ్ముతుంది. కాబట్టి ఆ వేడికి తగిన రకాన్నే కొనాలి, సాయంత్రం చల్లబడ్డాక పోయాలి, పోశాక రంధ్రంలోకి ఎవరూ తొంగి చూడకూడదు. కళ్లు పోతాయి.

బ్రేకరే వాడితే చుట్టూ పెట్టెలా మూసిన రకం తెప్పించండి, పక్క పలకలు తెరిచి ఉన్నది వద్దు. మొండి ఉలి, అరిగిన బుష్, గ్రీజు లేకపోవడం, రాయి తగలకుండానే గాలిలో కొట్టడం, ఇవన్నీ చప్పుడు పెంచి పని తగ్గిస్తాయి.

అపోహ: జనరేటర్‌కు కేనపీ (చప్పుడు తగ్గించే పెట్టె) ఉంది, ఇక దిగుల్లేదు.

వెయ్యి కేవీఏ (సామర్థ్యపు కొలత) లోపు జనరేటర్ సెట్లకు కేనపీ నుంచి మీటరు దూరంలో 75 డెసిబెల్‌లే పరిమితి. వేడెక్కుతోందని ఆపరేటర్ తలుపులు తెరిచి ఉంచితే ఆ కేనపీ లేనట్టే. వేడి తగ్గాలంటే లూవర్ (గాలి ఆడే చీలికల కిటికీ) ముందు గాలికి చోటివ్వాలి, లూవర్ ముఖం ఇళ్ల వైపు ఉండకూడదు.

అపోహ: ఇల్లు అదురుతోంది, అంటే గోడలు పగులుతాయి.

సెకనుకు 0.3 మిల్లీమీటర్ల కంపనమే మనిషికి తెలిసిపోతుంది. గని పేలుళ్లకు ఇళ్ల దగ్గర డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్) పెట్టిన అతి కఠిన పరిమితి సెకనుకు 5 మిల్లీమీటర్లు. చప్పుడు మీటరు ఈ సంగతి చెప్పదు, దానికి జియోఫోన్ (నేల కంపనాన్ని కొలిచే పరికరం) కావాలి. పని మొదలయ్యే ముందే పక్కిళ్లలో ఉన్న ప్రతి పగులునూ స్కేలు పెట్టి, తేదీ పడేలా ఇంటివాళ్ల ఎదుటే ఫొటో తీయాలి. పగులుకు అడ్డంగా గాజు పలుకు అంటించి తేదీ రాయాలి. పగులు కదిలితే గాజు విరుగుతుంది. విరిగిన రోజే బ్రేకర్ ఆపి, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి.