సినిమా పాటలో ట్రంపెట్: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు బ్యాండు సెట్లలో, చర్చి క్వయర్లలో ట్రంపెట్ బాగా వాయించే పిల్లలు చాలామంది ఉన్నారు. నెల్లూరులో రైలెక్కితే మద్రాసు మూడు గంటలే. అయినా అక్కడి సినిమా పాటల రికార్డింగులంటే వెనకాడతారు. ఎవరో చెప్పిన మాటలే కారణం.

అపోహ: దమ్మున్నవాడే ట్రంపెట్ ఊదగలడు.

వాస్తవం: స్వరం పుట్టేది పెదాల కంపనంలోంచి. బుగ్గలు పూరించి ఊదితే పెదాల పట్టు సడలి పై స్వరాలు పలకవు. ఊరేగింపులో డ్రమ్ములను దాటి వినపడాలి కాబట్టి గట్టిగా ఊదుతాం. మైకు ముందు ఆ ఊదుడు పనికిరాదు. మెల్లగా ఊదుతూ శ్రుతి జారకుండా నిలపడమే అసలు కష్టం, నేను పిల్లలకు మొదట నేర్పేదీ అదే.

అపోహ: చెవి బాగుంటే చాలు, నోట్స్ చదవడం రాకపోయినా ఫర్వాలేదు.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. బీ-ఫ్లాట్ ట్రంపెట్ మీద 'సి' వాయిస్తే వినపడేది బీ-ఫ్లాట్. అందుకే పాట ఒకటో శ్రుతిలో, అంటే 'సి'లో ఉంటే మనం ఒక స్వరం పైనున్న 'డి' స్కేలు పట్టాలి. గాయకుడు వచ్చి "అర శ్రుతి పెంచండి" అంటే కీబోర్డు ఆయన బటన్ నొక్కి ఊరుకుంటారు. మనం మాత్రం మూడు ఫ్లాట్లున్న ఈ-ఫ్లాట్ స్కేలుకు అప్పటికప్పుడు మారాలి. బిట్టు (పాటలో మనం వాయించాల్సిన ముక్క) వినిపిస్తే నేర్చుకుంటానంటే అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. ఇంకో సంగతి. కింది 'డి', 'సి-షార్ప్' సహజంగానే కాస్త హెచ్చుగా పలుకుతాయి. ఎడమచేతి ఉంగరపు వేలితో మూడో వాల్వు (నొక్కే మీట) స్లయిడును, అంటే దాని జారే గొట్టాన్ని, బయటికి జరిపి సరిచేయాలి. ఊరేగింపులో దీన్నెవరూ పట్టించుకోరు, వయొలిన్ల పక్కన మాత్రం వెంటనే దొరికిపోతాం.

అపోహ: కాసేపు ఊదేసి వచ్చేయడమే, సుఖమైన పని.

వాస్తవం: ఎక్కువసేపు కూర్చోవడమే ఉంటుంది. ఏసీ గదిలో ఇత్తడి చల్లారితే శ్రుతి దిగుతుంది. అందుకే ఖాళీ దొరికినప్పుడల్లా చప్పుడు కాకుండా గొట్టంలోకి వెచ్చని ఊపిరి వదులుతుండాలి. అంతసేపు ఆగాక వచ్చే మొదటి స్వరం పై 'జి' అయినా తడబడకూడదు.

అపోహ: కీబోర్డు వచ్చాక ట్రంపెట్ పనైపోయింది.

వాస్తవం: పని తగ్గిన మాట నిజమే. అందరూ ఒకే హాల్లో కూర్చుని వాయించిన రోజుల్లో ఒకరు తప్పితే టేకు మొత్తం మళ్లీ మొదలయ్యేది. ఒక్కో వాద్యాన్ని వేరుగా రికార్డు చేసే మల్టీట్రాక్ వచ్చాక ఎవరి భాగం వాళ్లు విడిగా ఇస్తున్నారు. మామూలు బిట్లు చాలావరకు శాంపిల్స్‌తోనే, అంటే ముందే రికార్డు చేసి కీబోర్డులో పెట్టిన శబ్దాలతోనే కానిచ్చేస్తున్నారు. కానీ వాల్వు సగమే నొక్కి తీసే జారుడుకూ, పెదాలతో వంచే గమకానికీ ఇప్పటికీ మనిషే కావాలి. హార్మన్ మ్యూట్ (ట్రంపెట్ మూతిలో పెట్టి ధ్వని మార్చే బిరడా), ఫ్లూగెల్‌హార్న్ (ట్రంపెట్ లాంటిదే, ఇంకా మెత్తగా పలికే వాద్యం) కూడా వెంట తెచ్చుకునేవాడికి పిలుపు ముందొస్తుంది. అయినా సినిమా ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. స్టేజీ కచేరీలు, చర్చి ఆరాధనలు, ట్యూషన్లు వదులుకోకుండా చూసుకోండి.

అపోహ: అమ్మాయిలకు కుదరదు.

వాస్తవం: శుద్ధ తప్పు. పైన చెప్పినవాటిలో కండబలం కావాల్సింది ఒక్కటీ లేదు.