సొరుగు బిగిస్తే తప్పు చెక్కదేనా? అపోహలు - వాస్తవాలు

కావలిలో వడ్రంగం పని చేస్తాను. అక్టోబరు చివర ముసురు పట్టిందంటే ఫోన్లు మొదలవుతాయి: "సొరుగు రావడం లేదు, చిత్రిక తీసుకుని రా అబ్బయా!" సగం ఇళ్లలో చిత్రిక సంచిలోంచి బయటికే రాదు.

అపోహ: బిగిసిన సొరుగును వెంటనే చిత్రిక పట్టాలి.

ఈ తప్పు నేనే చేశాను. పని నేర్చుకున్న కొత్తల్లో, తుఫాను వెలిసిన మర్నాడు ఒక పెద్దమ్మ ఇంట్లో బట్టల సొరుగును హాయిగా జారేదాకా గీసేశాను. రోహిణి కార్తెలో ఆమె మళ్లీ పిలిచి, సొరుగును పైకీ కిందికీ ఆడించి చూపించింది. రెండు రూపాయి బిళ్లలు దూరేంత సందు. "ఇప్పుడు చెక్క అతికిస్తావా అబ్బయా?" అంది. అతికించాను, డబ్బులు అడగకుండా.

ముసురుకు ఉబ్బిన చెక్క ఎండలకు తగ్గుతుంది. వానల్లో ఎక్కడ రాసుకుంటోందో పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచండి. ఎండాకాలంలో ఆ గుర్తు దగ్గర కొంచెమే గీయండి. అలాగని తడి సొరుగును ఎర్రటి ఎండలో పెట్టకండి, పలక వంకర పోతుంది. నీడలో ఫ్యాను గాలి చాలు.

అపోహ: ఉబ్బితే అన్ని వైపులా ఉబ్బుతుంది.

నార వెంట, అంటే పొడవున, చెక్క దాదాపు మారదు. నారకు అడ్డంగా ఉబ్బుతుంది. సొరుగు పక్క పలకల్లో నార ముందు నుంచి వెనక్కి ఉంటుంది కాబట్టి పెరిగేది వాటి ఎత్తు. అందుకే ప్లైవుడ్ కాని అసలు చెక్క సొరుగు వానల్లో ఎక్కువగా పై అంచు దగ్గర పట్టేస్తుంది. జనం మాత్రం పక్కలను ఉప్పు కాగితంతో గంటసేపు రుద్దుతారు! అంచులకు బడి సుద్దముక్క పూసి సొరుగును రెండుసార్లు లోపలికీ బయటికీ లాగండి. సుద్ద ఎక్కడ చెరిగిపోతే అక్కడే అసలు పట్టు.

అపోహ: టేకు ఉబ్బదు.

ఉబ్బుతుంది, కాస్త తక్కువ.

అపోహ: కొబ్బరి నూనె రాస్తే జారుతుంది.

నాలుగు రోజులు జారుతుంది. తర్వాత దుమ్ము పట్టి జిడ్డు ముద్దవుతుంది. రాసుకునే అంచుల మీద, లోపలి పట్టీల మీద తెల్ల కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. సబ్బు కూడా జారుతుంది గానీ అది తేమ పీలుస్తుంది, మన సముద్రపు గాలికి నేను వాడను.

అపోహ: ప్లైవుడ్ సొరుగు బిగిసినా తేమే కారణం.

ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి, నీళ్లలో నానితే తప్ప అంతగా ఉబ్బదు. ముందు బరువు తీసి అడుగు పలక కిందికి వంగిందేమో చూడండి, లేచిన మేకు ఉందేమో తడిమి చూడండి. ఆ తర్వాత నేల. కడప బండలు పరిచిన గదిలో బీరువా ఒక కాలు పల్లంలో ఉంటే చట్రం మొత్తం పక్కకు వాలుతుంది. సొరుగు గూటిని మూల నుంచి మూలకు రెండు వైపులా దారంతో కొలవండి. తేడా వస్తే, ఆ రెండు కొలతలూ సమానమయ్యేదాకా కాలి కింద చెక్కముక్క పెట్టండి.

సొరుగు అసలే రాకపోతే పిడి పట్టుకుని గుంజొద్దు, ముందు పలక ఊడి చేతికొస్తుంది. పై సొరుగు తీసి, ఆ సందులోంచి చెయ్యి పెట్టి వెనక నుంచి నెట్టండి, కాసేపు కుడి మూల, కాసేపు ఎడమ మూల.