అర్ధరాత్రి అమ్మమ్మ ఎక్కడికి వెళ్తోందంటే

బీసెంట్ నగర్, చెన్నై
ఫిబ్రవరి, ఆదివారం

చిన్నీకీ, బుజ్జికీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నాకు బాగా అక్షింతలు వేసింది. మోకాళ్ల నొప్పులని మాత్రలు మింగుతూ అర్ధరాత్రి సముద్రం ఒడ్డున ఆ నడకలేంటమ్మా అంటుంది. పక్కన మీరిద్దరూ కిసుక్కున నవ్వడం వినబడిందిలెండి. దానికి ఫోన్లో చెబితే సగం మాటకే అడ్డం వస్తుంది. అందుకని మీకు రాస్తున్నా, చదివి దానికి వినిపించండి.

జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడి ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు వస్తాయి. మన నెల్లూరు తీరానికీ వస్తాయి కానీ, చిన్నప్పుడు నేను ఒక్కదాన్నీ చూడలేదు. ఇక్కడ కాలేజీ పిల్లలు రాత్రిపూట నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా, సుమారు 7 కిలోమీటర్లు, వాటి జాడ వెతుక్కుంటూ నడుస్తారు. వాళ్ల వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని నేను.

తాబేలు పాకిన చోట ఇసుకలో చిన్న ట్రాక్టరు పోయినట్టు అచ్చులు పడతాయి. నీళ్లలోంచి పైకొక వరస, మళ్లీ నీళ్లలోకి ఒక వరస. మధ్యలో ఇసుక కాస్త చెదిరి ఉంటుంది. గుడ్లు ఉండేది ఆ చుట్టుపక్కలే, కానీ సరిగ్గా ఎక్కడో తెలియదు. గుడ్లు పెట్టాక తాబేలు ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ, కడుపుతో దబదబా కొట్టి ఆ చోటు చదును చేస్తుంది. మట్టి ఇళ్లలో మా నాయనమ్మ వాళ్లు నేలకి దిమ్మిస కొట్టేవాళ్లు చూడండి, అచ్చం అలాగే.

మొన్న శుక్రవారం ఒక కుర్రాడు సన్నటి కర్ర తీసుకుని, ఇడ్లీ ఉడికిందా అని నేను పుల్ల గుచ్చి చూస్తానే, అంత మెల్లగా ఇసుకలో గుచ్చుకుంటూ పోయాడు. పది చోట్ల గట్టిగా తగిలింది. పదకొండో చోట సర్రున దిగింది. అంతే, చేతులతో తవ్వడం మొదలెట్టారు. లోపల గుంట చెంబులా ఉంది. మూతి ఇరుకు, అడుగు వెడల్పు. అతను బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి ఒక్కో గుడ్డూ తీస్తుంటే, లెక్క రాసే పని నాకిచ్చారు. నిమ్మకాయంత తెల్లటి గుడ్లు. కోడిగుడ్డులా పెళుసుగా ఉండవు, నొక్కితే సొట్ట పడతాయి. 118 వచ్చాయి. తర్వాత ఆ గుంట లోతు టేపుతో కొలిచి అదీ రాయించారు.

లోతు ఎందుకంటే, కంచె వేసిన హేచరీలో, అంటే గుడ్లు పొదిగే దాకా కాపాడే చోట, సరిగ్గా అంతే లోతున, అదే చెంబు ఆకారంలో గుంట తీసి పూడుస్తారు. అదీ ఆ రాత్రే జరగాలి. కొన్ని గంటలు గడిస్తే లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డుని తిప్పితే చచ్చిపోతుంది. నిజానికి గుడ్లని తల్లి పెట్టిన చోటే వదిలెయ్యడం అన్నిటికంటే మంచిదని వీళ్లే ఒప్పుకుంటారు. కానీ ఇక్కడ వీధి కుక్కలు, జనం, అన్నిటికీ మించి లైట్లు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుతురు ఉన్న వైపు పరిగెడతాయి. ఒకప్పుడు వెలుతురంటే సముద్రమే. ఇప్పుడు రోడ్డు. అందుకే వాటిని తట్టలో తీసుకెళ్లి నీళ్ల దగ్గర చీకట్లో వదులుతారు.

ఇంకో వింత. పిల్ల ఆడో మగో ఇసుక వేడి తేలుస్తుంది. వేడెక్కువైతే ఆడ, తక్కువైతే మగ. ఎండలు ఇలాగే ముదిరితే మగవి దొరకవేమోనని శాస్త్రవేత్తల బెంగ.

నా తప్పు కూడా చెప్పేస్తా. మొదటి రాత్రి ఒక తాబేలు అలల్లోంచి అప్పుడే తల పైకెత్తింది. ఫొటో తీసి మీకు పంపుదామని ఫోన్ టార్చి వేశాను. అది ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది. "లైట్ వెయ్యకూడదు పాటీ" అన్నాడో కుర్రాడు (పాటీ అంటే అరవంలో అమ్మమ్మ), అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఈ నడకలు 1970లలో గిండీ పాముల పార్కు వాళ్లతో మొదలయ్యాయి. అందులో సతీశ్ భాస్కర్ అని ఒకాయన, తాబేళ్లు ఎక్కడెక్కడ గుడ్లు పెడతాయో చూడటానికి మన దేశపు తీరం వెంట వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగాడు. 1982 వానాకాలంలో లక్షద్వీప్‌లోని సుహేలి దీవిలో నెలల తరబడి ఒంటరిగా ఉండిపోయాడు. పడవలు రావు, టపా లేదు. భార్యకి ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలో వేశాడు. అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికితే, ఆ మహానుభావుడు టపాలో వేశాడు. మద్రాసులో ఆవిడకి చేరింది! 1988లో విద్యార్థులు తమదే ఒక సంఘం పెట్టుకున్నారు, స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ అని. ఒక బ్యాచ్ చదువై వెళ్లిపోతే ఇంకోటి వస్తుంది. నోటుపుస్తకం మాత్రం ఆగలేదు.

అలా రాసుకున్న లెక్కలు ఉంటేనే ఈ ఏడు తక్కువొచ్చాయో ఎక్కువొచ్చాయో తెలుస్తుంది. 2025 జనవరిలో ఈ తీరానికి వందల కొద్దీ చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చాయి. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి కదా, ట్రాలర్ అనే పెద్ద మరబోటు ఈడ్చుకెళ్లే వలలో ఇరుక్కుంటే ఊపిరాడక పోతుంది. వలలో ఇనప చువ్వల జల్లెడ లాంటిది బిగిస్తే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు పక్క కంతలోంచి బయటపడుతుంది. దాంతో కొంత చేపా జారిపోతుందని బోటు వాళ్ల గొడవ. డీజిలు అప్పుతో కొనేవాడికి ఆ కొంత కూడా తక్కువేం కాదు. నాకు వాళ్ల మీద కోపం రాదు, అలాగని ఒడ్డున ఉబ్బిపోయి పడున్న తాబేలుని దాటుకుని రావడమూ చేతకాదు.

మీ పరీక్షలయ్యేసరికి కడపటి గుంటలు ఇంకా మిగిలి ఉంటాయి. మా 118 ఉన్నది కంచె పక్కన మూడో వరసలో. బుజ్జీ, నీ లైట్ల బూట్లు ఇంట్లోనే వదిలి రా.

మీ అమ్మమ్మ