పోలీసు రికార్డుకెక్కని గాయాలు

జోనథన్ షెపర్డ్ వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో ముఖానికి ఆపరేషన్లు చేసే డాక్టరు. కొట్లాటల్లో దవడ విరిగి తన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అసలు పోలీసు లెక్కల్లోనే లేరని ఆయన గమనించారు. దాంతో ఎమర్జెన్సీ విభాగంలో ఒక చిన్న పని మొదలైంది. ఎక్కడ కొట్టారు, ఎప్పుడు, దేంతో అని అడిగి రాసుకుని, పేర్లు తీసేసి పోలీసులకూ నగరపాలక సంస్థకూ ఇవ్వడం. కార్డిఫ్‌ లాంటి ఇతర నగరాలతో పోలిస్తే అక్కడ దాడుల వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లు 42 శాతం తగ్గారని 2011లో ఒక అధ్యయనం తేల్చింది. హింసను ప్రజారోగ్య సమస్యగా చూడడమంటే ఇదే. కొట్టినవాణ్ణి పట్టుకోవడం ఎలాగూ ఉంటుంది. దెబ్బలు ఒకేచోట పదే పదే ఎందుకు తగులుతున్నాయో కూడా వెతకాలి.

మతం, జాతి, రంగు చూసి చేసే దాడుల్లో మొదటి చిక్కు కూడా లెక్కే. అమెరికాలో పోలీసుల నుంచి ఎఫ్‌బీఐకి ఏటా చేరే ద్వేష నేరాలు కొన్ని వేలు. ఇళ్లకు వెళ్లి బాధితుల్నే అడిగే సర్వేలో 2005 నుంచి 2019 వరకు ఏటా సగటున దాదాపు 2.5 లక్షలు తేలాయి. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఏమవుతుందోనన్న టెన్షన్, చేసినా ఏం ఒరుగుతుందన్న విసుగు!

ఆఫ్రికాలో కలరా, ఎయిడ్స్ మీద పనిచేసిన డాక్టర్ గ్యారీ స్లట్కిన్‌కు షికాగో కాల్పుల మ్యాపు అంటువ్యాధి మ్యాపులాగే కనిపించింది. 2000లో పని మొదలుపెట్టిన ఆయన బృందం ఆ వీధుల్లో పలుకుబడి ఉన్నవాళ్లనే పనిలోకి తీసుకుంది. ప్రతీకారం మొదలయ్యేలోపే మధ్యలో దూరి చల్లార్చడం వాళ్ల ఉద్యోగం. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. ద్వేషం విషయంలోనైతే ఇంకా ముందే, పుకారు పుట్టిన రోజే దూరాలి. అవతలి వర్గం వాళ్లు ఖండిస్తే ఎవరూ నమ్మరు; సొంత మనుషులే చెప్పాలి.

అంటువ్యాధితో పోలిక నాకు ఒకచోట మింగుడుపడదు. ద్వేషం క్రిమి కాదు. జబ్బు చేసిందని కొట్టినవాణ్ణి వదిలేయలేం.

మరి దీనికి టీకా ఉందా? ఇరాక్‌లో ఐసిస్ దెబ్బకు ఇళ్లు వదిలిన క్రైస్తవులతో సల్మా మూసా అనే పరిశోధకురాలు ఫుట్‌బాల్ లీగ్ నడిపి, కొన్ని జట్లలో ముస్లిం ఆటగాళ్లను కలిపారు. 2020లో ఫలితాలు వచ్చాయి. కలిసి ఆడిన క్రైస్తవులు, ఆడనివాళ్లకంటే ఎక్కువగా, ఆరు నెలల తర్వాత కూడా ముస్లింలతో కలిసి ప్రాక్టీస్ చేస్తున్నారు. ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లో హోటల్‌కి వెళ్లి భోజనం చేయడం మాత్రం పెద్దగా పెరగలేదు.