పికప్ ఏసీ చల్లబడట్లేదా? గ్యాస్ జోలికి తర్వాత వెళ్దాం: అపోహలు - వాస్తవాలు

"ఏసీ సరిగ్గా రావట్లేదు, కాస్త గ్యాస్ కొట్టేయండి." పికప్ తెచ్చినవాళ్లు తాళం చేతికిస్తూనే అనే మాట ఇది. జబ్బు వాళ్లే తేల్చేసి, మందూ వాళ్లే రాసేసి, సూది మాత్రం మెకానిక్‌ని వెయ్యమంటారు. ఏసీ పనుల్లో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే.

అపోహ: గ్యాస్ ఏడాదికోసారి అయిపోతుంది, నింపించుకోవాలి

డీజిల్‌లా ఖర్చయ్యే సరుకు కాదది. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు హోసుల్లోంచి, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ షాఫ్ట్ సీల్ దగ్గర ఏడాదికి కొన్ని గ్రాములు పోవడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. ఒక్క సీజన్‌లోనే కూలింగ్ పడిపోయిందంటే మాత్రం రెండే కారణాలు: ఎక్కడో లీకేజీ ఉంది, లేదా తేడా గ్యాస్‌లో కాకుండా ఇంకెక్కడో ఉంది. రెండింటిలో ఏదైనా టాపప్ దండగే. లీకేజీ ఉంటే కొత్త గ్యాస్ కూడా అదే దారిన పోతుంది. లేకపోతే ఓవర్ చార్జ్ అయి, ఉన్న కాస్త చల్లదనం కూడా తగ్గుతుంది. గ్యాస్ ఎక్కువైతే, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లో ద్రవం పేరుకుంటుంది, గ్యాస్ ద్రవంగా మారడానికి చోటు మిగలదు, హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికెళ్లే వైపు) ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మాటిమాటికీ కటాఫ్ అవుతుంది.

ఇంజిన్ ఆపి గేజ్ తగిలించి "ప్రెషర్ బాగానే ఉంది, గ్యాస్ ఫుల్" అనేవాళ్లూ ఉన్నారు. ఆ రీడింగ్‌తో ఎంత గ్యాస్ ఉందో తెలియదు. ఆర్‌-134ఏ గ్యాస్ వాడే సిస్టమ్‌లో కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ, 30 డిగ్రీల వేడిలో గేజ్ సుమారు 95 పీఎస్‌ఐ చూపిస్తుంది. లోపల 300 గ్రాములున్నా 600 గ్రాములున్నా అంతే. మొత్తం గ్యాస్‌ని మెషీన్‌తో బయటికి లాగి (రికవర్ చేసి) తూకం వేసి, బానెట్ కింద లేబుల్ మీద రాసిన గ్రాములతో పోల్చడమొక్కటే నమ్మదగ్గ పద్ధతి.

గేజ్ పనికొచ్చేది ఇంజిన్ నడుస్తున్నప్పుడే. 1500 ఆర్‌పీఎం, బ్లోయర్ ఫుల్, తలుపులు తెరిచి, బయట 30-35 డిగ్రీలున్నప్పుడు లో సైడ్ (కంప్రెసర్‌లోకి వచ్చే వైపు) 30-45, హై సైడ్ 200-250 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉండాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే ఓవర్ చార్జ్, సిస్టమ్‌లో గాలి, లేదా కండెన్సర్‌కి గాలి ఆడకపోవడం. లో సైడ్ దిగక, హై సైడ్ ఎక్కకపోతే కంప్రెసర్ నీరసించింది, లేదా దాని కంట్రోల్ వాల్వ్ పోయింది. లో సైడ్ వాక్యూమ్ దాకా పడిపోతుంటే ద్రవాన్ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గరో, తేమ పీల్చే డ్రయర్ దగ్గరో అడ్డు పడింది.

అపోహ: నడిస్తే చల్లగా, ఆగితే వేడిగా వస్తోందంటే కంప్రెసర్ పోయినట్టే

చాలాసార్లు కంప్రెసర్ నిక్షేపంగా ఉంటుంది. బండి నడిచేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. ఐడిల్‌లో ఏసీ వేసి కండెన్సర్ మీద నీళ్లు చల్లండి. హై సైడ్ గబగబా దిగి, లోపల గాలి చల్లబడితే లోపం గాలి ఆడకపోవడమే. చాలా డీజిల్ పికప్‌లలో ఇంజిన్‌తో తిరిగే సిలికాన్ ఫ్యాన్ ఉంటుంది. వేడెక్కిన ఇంజిన్ ఆపేసి, తాళం తీసి, దాన్ని చేత్తో తిప్పండి. బిగువుగా కదలాలి. గిర్రున తిరిగితే ఫ్యాన్‌ని ఇంజిన్‌తో కలిపే క్లచ్ పోయింది. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకున్న బురద ముందునుంచి కనిపించదు, టార్చ్ వేసి పైనుంచి చూడాలి. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్స్ వంగి దారి ఇంకా మూసుకుంటుంది.

దీనికి తిరకాసు కేసు కూడా ఉంది. బయల్దేరినప్పుడు బాగుండి, గంట తర్వాత గాలి రావడమే తగ్గిపోతుంది. కాసేపు ఆపితే మళ్లీ మామూలు. క్యాబిన్ గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందన్నమాట. క్యాబిన్ ఫిల్టర్, కాయిల్ టెంపరేచర్ సెన్సర్ చూడాలి.

అపోహ: లోపల గాలి వెచ్చగా ఉందంటే తేడా ఏసీలోనే

బానెట్ కింద లావు పైపు చేతికి చల్లగా తగులుతూ, చెమట పట్టి ఉంటే ఏసీ తన పని తాను చేస్తోంది. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ (ఫైర్‌వాల్) దగ్గరున్న, వేడినీళ్లు మోసే హీటర్ హోసుని క్లాంపుతో మెల్లగా బిగించండి. కాసేపట్లో గాలి చల్లబడితే హీటర్ వాల్వో, వేడి గాలినీ చల్ల గాలినీ కలిపే మిక్స్ ఫ్లాపో మూసుకోవట్లేదు. దీనికి గ్యాస్ ఎంత కొట్టినా ఉపయోగం లేదు.

లీకేజీ తేలితే పని ఇలా జరగాలి. గ్యాస్ రికవర్ చేసి, రెగ్యులేటర్ పెట్టి నైట్రోజన్ 150 పీఎస్‌ఐ ఎక్కించి, సబ్బు నురగతో జాయింట్లు, సర్వీస్ వాల్వ్ పిన్నులు, కండెన్సర్ అంచులు వెతకాలి. జిడ్డుకి దుమ్ము అంటుకున్న మరక ఉంటే ముందు అక్కడే చూడండి. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్‌తో టెస్ట్ చేస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ గాలితో పాటు తేమ లోపలికి పోతుంది. జాయింట్లలోని రబ్బరు ఓ-రింగులు, డ్రయర్ మార్చి, తీసిన భాగంలో పోయినంత ఆయిల్ మాత్రమే పోసి, కనీసం 30 నిమిషాలు వాక్యూమ్ లాగి, పంపు ఆపి పావుగంట గేజ్ సూది కదలకుండా నిలబడుతుందో చూడాలి. తర్వాతే తూకం ప్రకారం గ్యాస్.

మిగతావి క్లుప్తంగా. లీకేజీ పూడ్చే డబ్బా మందులు ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కీ, రికవరీ మెషీన్‌కీ చేటు. ఏసీలో వంటగ్యాస్ నింపినా చల్లబరుస్తుంది, నిజమే, కానీ కాయిల్ లీకైతే అది నేరుగా క్యాబిన్‌లోకే వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బండి కింద నీళ్లు కారుతున్నాయని భయపడేవాళ్లకి: అది కాయిల్ మీది తేమ, కారడమే మంచిది. కారాల్సిన నీరు పాదాల దగ్గర కార్పెట్ మీదికి వస్తే మాత్రం డ్రెయిన్ పైపు మూసుకుపోయింది, దాన్ని కిందినుంచి శుభ్రం చేయించండి.