ఒకే శ్రుతి, వేరు గొంతులు

తిరుపతిలో పొద్దున్నే ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి వినిపించే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం రికార్డు 1963 నాటిది. అందులో రాధా విశ్వనాథన్ కూడా గొంతు కలిపారన్న సంగతి చాలామంది గమనించరు. రెండో గొంతు మొదటి గొంతులో ఇమిడిపోయేలా పాడిన పాట అది. బ్రిటన్‌కు చెందిన జీరో 7 బృందం 2004లో తెచ్చిన 'వెన్ ఇట్ ఫాల్స్' ఆల్బమ్‌ది దీనికి ఎదురుదారి. సోల్ (ఆఫ్రికన్ అమెరికన్ల గాన శైలి) ఛాయలున్న ఆ నెమ్మది పాటలను ఆస్ట్రేలియా గాయని సియా, ఇంగ్లండ్ గాయని సోఫీ బార్కర్, డెన్మార్క్ గాయని టీనా డీకో పంచుకున్నారు (మోజెజ్ అనే గాయకుడూ ఉన్నాడు గానీ, ఆల్బమ్‌కు రూపునిచ్చింది ఈ ముగ్గురేనని నా అభిప్రాయం). సియా గొంతులోని జీర తర్వాత బార్కర్ మెత్తని గొంతు మొదలైతే, మనిషి మారిందని చెవి క్షణంలో పసిగడుతుంది.

ఇది శ్రుతి భేదం కాదు. మన గాయనులు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడతారు (పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తులో ఉందో చెప్పే కొలత ఇది). ఐదు శ్రుతిలో మధ్యస్థాయి షడ్జం ('స') సుమారు 196 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు), తారషడ్జం, అంటే పై స్థాయి 'స', 392. తిరుపతి సంగీత కళాశాలలో ఇద్దరు విద్యార్థినులు తారషడ్జాన్ని అకారంలో నిలిపారనుకుందాం. ఇద్దరి స్వరతంత్రులూ సెకనుకు 392 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. తేడా ఆ మూసుకునే తీరులో ఉంది. తంత్రులు చటుక్కున, పూర్తిగా మూసుకుంటే 784, 1176 హెర్ట్జ్‌ల మీదుగా పైపైకి పోయే హార్మోనిక్స్ (మూల స్వరానికి రెండింతలు, మూడింతలుగా దానితో పాటే పుట్టే పై స్వరాలు) బలంగా పుడతాయి. మన చెవి అత్యంత సున్నితంగా స్పందించే 2000–4000 హెర్ట్జ్ మధ్య అవి చేరడం వల్ల, ఆ గొంతు మృదంగాన్నీ వయొలిన్‌నూ దాటుకుని వినిపిస్తుంది. తంత్రుల మధ్య సన్నని సందు మిగిలిపోతే పై హార్మోనిక్స్ సన్నగిల్లి, ఊపిరి సవ్వడి కలుస్తుంది. అలాంటి గొంతు మైకు లేని సభలో నాలుగో వరుస దాటడం కష్టం. పెదవులకు దగ్గరగా మైకు పెట్టే స్టూడియోలో మాత్రం దానికదే అందం.

తంత్రుల పైనున్న కంఠం, నోరు, నాలుక తమ ఆకారాన్ని బట్టి కొన్ని హార్మోనిక్స్‌ను పెంచి, కొన్నిటిని అణచివేస్తాయి. పెంచే ఆ తావులను ఫార్మెంట్లు అంటారు, గొంతును గుర్తుపట్టడానికి అవీ ఆధారమే. అయితే మధ్యస్థాయి షడ్జంలో ప్రతి 196 హెర్ట్జ్‌కు ఒక హార్మోనిక్ ఉండడం వల్ల ఫార్మెంట్ల రూపం చెవికి వివరంగా అందుతుంది. స్థాయి పెరిగేకొద్దీ హార్మోనిక్స్ ఎడమెడంగా జరిగిపోయి, ఆ వివరం చెదిరిపోతుంది. బాగా పై స్థాయిలో అచ్చుల మధ్య తేడాలు కూడా చెరిగిపోయి, ఎవరు పాడుతున్నారో పోల్చుకోవడం కష్టమవుతుంది. 'వెన్ ఇట్ ఫాల్స్' ఆల్బమ్‌లోని గాయనులు చాలావరకు మధ్య శ్రేణిలోనే ఉండిపోవడం ఆ తేడాలు నిలబడడానికి తోడ్పడింది.